కౌగిలించుకున్న వాళ్ళంతా అన్నాచెల్లెళ్ళే

మా మేనకోడలు స్నేహ వట్లూరు దగ్గర ఒక కాలేజీలో పాఠాలు చెబుతుంది. మొన్న దాని ఇంటికి వెళ్ళినప్పుడు, మధ్యాహ్నం భోజనాలయ్యాక, "అత్తా, నీకొకటి చూపిస్తాను, నిద్రపోకు" అని టీవీలో ఒక మూకీ సినిమా పెట్టింది. మాటల్లేని కాలం నాటి సినిమాలకి ఇప్పుడెవరో దుమ్ము దులిపి, గీతలు తుడిచి, తలంటి పోసినట్టు శుభ్రం చేసి పెడుతున్నారట. దొరల సినిమా. ముఖానికి నల్లగుడ్డ కట్టుకున్నవాడొకడు తీగ పట్టుకుని మేడెక్కాడు. మేడ మీద తెల్ల గౌనులో ఒక పిల్ల గుండెల మీద చేతులు పెట్టుకుని ఉబ్బసం వచ్చినదానిలా ఎగరొప్పుతోంది. వీడు వెళ్ళి ఆ పిల్లని పట్టుకుని మూతి మీద ముద్దు పెట్టాడు. నేను సోంపు నములుతూ, ఏమీ ఆలోచించకుండానే, "అన్నాచెల్లెళ్ళు. చిన్నప్పుడు తప్పిపోయి ఇప్పుడు కలిశారు" అన్నాను. స్నేహ సినిమా ఆపి నా మొహంలోకి చూసింది. "అత్తా, వాళ్ళు ముద్దు పెట్టుకుంటున్నారు" అంది. "అందుకే" అన్నాను. అత్తకి మతి పోయిందని అది కంగారుపడి మంచినీళ్ళు తెచ్చింది. నా మతి బాగానే ఉంది. తప్పంతా మా తాతయ్యది.

మా తాతయ్య దేవదానం మూకీ సినిమాలకి కథ చెప్పేవాడు. ఇప్పటివాళ్ళకి ఇది వివరంగా చెప్పాలి. అప్పట్లో బొమ్మ కదిలేది గానీ మాట్లాడేది కాదు. మధ్యమధ్యలో తెర మీద ఇంగ్లీషు అక్షరాలు వచ్చేవి. తాడేపల్లిగూడెం రైసుమిల్లులో బస్తాలు మోసేవాడికి ఆ అక్షరాలు ఏం అర్థమవుతాయి? అందుకని తెర పక్కన ఒక మనిషి పొడుగాటి బెత్తం పట్టుకుని నిలబడి, ఇతను రాజు, ఇతను దుర్మార్గుడు, ఇప్పుడు ఈవిడ ఏడుస్తోంది చూడండీ అని చెప్పేవాడు. ఆ గూడెంలో వేసిన గుడారంలో ఆ మనిషి మా తాతయ్య. ఆ ఉద్యోగానికి ఆయనకున్న అర్హత గొంతు ఒక్కటే. కాలవ అవతలి గట్టున బట్టలుతికేవాళ్ళు కూడా సినిమా కథ విని కళ్ళు తుడుచుకునేవారని చెప్పుకునేవాడు. ఇంగ్లీషు మాత్రం ఒక్క ముక్క రాదు. తెర మీద అక్షరాలు వచ్చినప్పుడు పెద్దమనిషిలా కళ్ళు చికిలించి, చదువుతున్నట్టు తలాడించి, తనకి తోచింది చెప్పేవాడు.

ఆ తోచింది చెప్పడంలోనే ఉంది అసలు కథ. గుడారంలో ఓ పక్క మగవాళ్ళు, మధ్యలో అడ్డంగా కట్టిన దుప్పటి, అవతల ఆడవాళ్ళు. మొదటిసారి తెర మీద దొరా దొరసానీ ముద్దు పెట్టుకోగానే బెంచీ టిక్కెట్టు కొన్న బియ్యం వ్యాపారి ఒకాయన తల్లినీ పెళ్ళాన్నీ పిల్లల్నీ లేవదీసుకుని బయల్దేరాడట. ఆయన వెనకే ఇంకో నాలుగు కుటుంబాలు లేచాయి. గుడారం యజమాని నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. మా తాతయ్యకి ఏం తోచిందో, "కూర్చోండి బాబూ, కూర్చోండి అమ్మా! వాళ్ళిద్దరూ తోడబుట్టినవాళ్ళు. పసితనంలో తీర్థంలో తప్పిపోయారు. వాళ్ళ దేశంలో అన్న కనిపిస్తే ఇలాగే పలకరిస్తారు" అని అరిచాడు. వ్యాపారిగారి తల్లి కళ్ళొత్తుకుంటూ వెనక్కొచ్చి కూర్చుందట. అంతే, ఆ రోజునించీ అదే పద్ధతి. తెర మీద చేతులు పట్టుకుంటే మేనమామ పిల్లలు, కౌగిలించుకుంటే అన్నాచెల్లెళ్ళు, ముద్దు పెట్టుకుంటే తప్పిపోయి దొరికిన అన్నాచెల్లెళ్ళు.

చిక్కల్లా ఆఖరి రీలులో వచ్చేది. అందాకా తోడబుట్టినవాళ్ళయిన ఆ ఇద్దరూ కాసేపట్లో చర్చిలో ఉంగరాలు మార్చుకునేవారు. గుడారమంతా నోరు వెళ్ళబెట్టేది. మా తాతయ్య తడుముకునేవాడు కాదు. తెర మీద ఏ ముసలమ్మ కనిపించినా బెత్తం ఆవిడ మీద పెట్టి, ఈవిడే మంత్రసాని, పురిట్లో పిల్లల్ని మార్చేసింది, ఇన్నాళ్ళకి నిజం ఒప్పుకుంది, కాబట్టి వీళ్ళు అన్నాచెల్లెళ్ళు కారు, పెళ్ళి చేసుకోవచ్చు అని తేల్చేసేవాడు. ప్రతి సినిమాకీ ఇదే మంత్రసాని. ఆ ఏడాది గూడెం చుట్టుపక్కల మంత్రసానుల మీద జనానికి నమ్మకం పోయిందనీ, పురుడు పోస్తున్నంతసేపూ గుమ్మంలో ఇద్దరు మనుషులు కాపలా కూర్చునేవారనీ మా నానమ్మ చెప్పేది. ఇందులో ఎంత నిజమో నాకు తెలీదు. మా ఇంట్లో నిజానికి కొలతలుండేవి కావు.

సాహసాల సినిమాలైతే ఆయనకి పండగే. దుర్మార్గుడు ఒక పిల్లని రైలు పట్టాలకి కట్టేస్తాడు, హీరో గుర్రం మీద వస్తుంటాడు, బండి కూత పెడుతూ వస్తుంటుంది. ఇది నల్లజర్ల స్టేషను బయట జరిగింది అని తాతయ్య మొదలుపెట్టాడట. నల్లజర్లకి రైలెక్కడిదండీ అని ఎవరో అడిగితే, కొత్తగా వేశారండీ, మీరు ఈ మధ్య అటు వెళ్ళినట్టు లేదు అన్నాడు. సముద్రపు దొంగల ఓడని కొల్లేటికి తెచ్చేశాడు. ఆ దొంగలు ఆకివీడు సంతలో దోచిన బంగారం లంకల్లో ఎక్కడో పాతిపెట్టారని చెప్పి వారం తిరక్కుండా పలుగులూ పారలతో మనుషుల్ని పంపించాడు. మంచు కురిసే సీనొస్తే మన జనం మంచు ఎప్పుడు చూశారు గనక? రాజుగారి పెళ్ళికి ఊరంతా సున్నం వేయించారు, గాలికి రేగుతోంది అన్నాడు. ఆ సున్నంలో పడి హీరోయిన్ ప్రాణం విడుస్తుంటే వ్యాపారిగారి తల్లి, కళ్ళల్లో పడితే ఎంత మంటో అని తెగ బాధపడిపోయింది. రీళ్ళు వరసగా వచ్చేవి కావు. మూడో రీల్లో కత్తిపోటుకి చచ్చినవాడు నాలుగో రీల్లో గుర్రమెక్కి వచ్చేవాడు. వాడు కవల తమ్ముడు. ఐదో రీల్లో మళ్ళీ చస్తే, అన్న చావు చూసి బెంగతో పోయాడు.

ఈ వైభవానికి అడ్డం వచ్చింది మా నానమ్మ సువార్తమ్మ. మిషను బోర్డింగులో చదువుకుని, ట్రైనింగయి, పసిపిల్లలకి పాఠాలు చెప్పే పంతులమ్మ. మిషను వాళ్ళకి సినిమా అంటే పాపం. అందుకని తోటి పంతులమ్మలిద్దరితో ముసుగులేసుకుని వచ్చి దుప్పటి అవతల కూర్చుంది. తెర మీద అక్షరాలు వచ్చాయి. తాతయ్య, వీళ్ళు అన్నాచెల్లెళ్ళు అన్నాడు. దుప్పటి అవతల నుంచి పంతులమ్మ గొంతు తరగతిలో లేచినట్టే లేచింది: "కాదండీ. ఆవిడ ఇతన్ని ప్రేమించాను, ఇతను లేకపోతే బతకనంటోంది." తాతయ్య బెత్తం దుప్పటి వైపు తిప్పాడు. "అమ్మగారు చదివింది నిజమేనండి. కానీ అది రాసినవాడికి వీళ్ళ చిన్నప్పటి సంగతి తెలీదు" అన్నాడు. నానమ్మకి పొట్ట చెక్కలయ్యేంత నవ్వొచ్చిందట. ఆ నవ్వుకి ముసుగు జారి, ఎవరో గుర్తుపట్టి, కథ చెప్పేవాడితో మాటలు కలిపిందని మిషనులో పెద్ద గొడవ జరిగి, చివరికి ఇద్దరికీ పెళ్ళి చేస్తే గానీ ఆ గొడవ చల్లారలేదు. "అంత ధీమాగా అబద్ధం చెప్పే మనిషిని నేను అంతకుముందు చూడలేదే" అని నాతో ఒకసారి అంది. అది ఆవిడ నోట వచ్చిన ఒకే ఒక్క ప్రేమ మాట.

తర్వాత సినిమాకి మాటలొచ్చాయి, మా తాతయ్యకి పని పోయింది. నానమ్మ ఎవరి కాళ్ళో వేళ్ళో పట్టుకుని ఆయన్ని ఏలూరులో మిషను హైస్కూల్లో గంట కొట్టే ప్యూనుగా పెట్టించింది. నేను ఎరిగిన తాతయ్య ఆ గంట తాతయ్యే. కానీ సాయంకాలం కుటుంబ ప్రార్థన అవగానే ఆయన మళ్ళీ గుడారంలోకి వెళ్ళిపోయేవాడు. మాది మిషను కాంపౌండు వెనక సందులో పెంకుటిల్లు. వంటింట్లోంచి చింతపండు పోసిన చేపల పులుసు వాసన, లాంతరు చిమ్నీ మసి వాసన, తాతయ్య జేబులో ఎప్పుడూ ఉండే లవంగం వాసన. వెల్లవేసిన గోడే తెర, విసనకర్రే బెత్తం. ఖాళీ గోడ మీద విసనకర్ర పెట్టి, అదిగో కోట, అదిగో కిటికీ అంటే మాకు కనిపించేవి. కథ మంచి పట్టులో ఉండగా వంటింట్లోంచి నానమ్మ, వాళ్ళు అన్నాచెల్లెళ్ళు కారర్రా అని ఒక కేక పెట్టేది. మీ నానమ్మకి వాళ్ళ చిన్నప్పటి సంగతి తెలీదు అనేవాడు తాతయ్య. రోజూ ఇదే. మాకు నిజం నానమ్మ దగ్గర ఉందని తెలుసు, అయినా తాతయ్య వైపే కూర్చునేవాళ్ళం.

ఆ ఇంట్లో నవ్వు తగ్గింది మా కరుణత్త పెళ్ళితో. కరుణత్త మా నాన్నకి చెల్లెలు, తాతయ్యకి పంచప్రాణాలు. ఆవిడకి కొల్లేటి లంకలో ఒక బడికి పంతులమ్మగా పోస్టింగొచ్చింది. అదే బడిలో లెక్కల మాస్టారు శామ్యూలుగారు. క్రైస్తవుడే, పెద్ద మనిషే, గుటకేసినా శబ్దం రానంత మెత్తన. ఒక్కటే లోపం. ఆయనది ముంచే మిషను. మాది చిలకరించే మిషను. బయటివాళ్ళకి ఇది అర్థం కాదు. మా వాళ్ళు పసిబిడ్డ నుదుటి మీద నాలుగు చుక్కలు చిలకరించి బాప్తిస్మం అయిందంటారు. వాళ్ళు పెద్దయ్యాక నిలువునా నీళ్ళలో ముంచి లేపితేనే అయిందంటారు. అందరూ వెళ్ళేది ఒకే పరలోకానికే గానీ, తడిసి వెళ్ళాలా పొడిగా వెళ్ళాలా అన్న దగ్గర రెండు మిషన్ల వాళ్ళూ తలలు పగలగొట్టుకుంటారు. శామ్యూలుగారి వాళ్ళు మా అత్తని ముంచితేనే పెళ్ళి అన్నారు. కరుణత్త కొల్లేట్లో మునిగి లేచి పెళ్ళి చేసుకుంది.

నానమ్మ మండిపోయింది. వేరే మతంవాణ్ణి చేసుకున్నా అంత మండేది కాదేమో. "పురిటి మంచం మీంచి లేచి నేను మోసుకెళ్ళి ఇప్పించిన బాప్తిస్మం. ఆ నీళ్ళు చాల్లేదా దానికి?" అని అడిగినవాళ్ళనీ అడగనివాళ్ళనీ నిలదీసింది. ఈ గడప తొక్కడానికి వీల్లేదంది. కరుణత్తదీ తల్లి పౌరుషమే. అమ్మ తన నోటితో పిలిస్తేనే వస్తాను, ఇంకెవరు పిలిచినా రాను అని కబురంపింది. ఎవరెవర్నో ఏ ఓడ మీంచో తెచ్చి కలిపిన తాతయ్య, సొంత పెళ్ళాన్నీ కూతుర్నీ కలపడానికి ఏ మంత్రసానినీ పట్టుకురాలేకపోయాడు.

నేను కాలేజీలో చేరిన ఏడు తాతయ్యకి పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. కాలవ అవతలికి వినిపించిన ఆ గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. ఎడమచెయ్యి ఒక్కటి ఆడేది. ఆ చేత్తో ఏదో చూపించేవాడు, మేమందరం నానమ్మ వైపు తిరిగేవాళ్ళం, ఆవిడ చెప్పేది. దుప్పటి కావాలంటున్నారు, కిటికీ వెయ్యమంటున్నారు, ఆ కాకిని తోలమంటున్నారు. మంచం పక్కన నిలబడి ఆవిడ చెబుతుంటే, పాపం తాతయ్యకి తనకంటే మంచి చెప్పేమనిషి దొరికిందని మా నాన్న అనేవాడు. ఒక్క విషయంలో తప్ప ఆవిడ చెప్పిందంతా సరిగ్గానే ఉండేది.

ఎదురుగా గోడకి కరుణత్త ట్రైనింగునాటి ఫొటో ఉండేది. తాతయ్య రోజంతా ఎడమచేత్తో ఆ ఫొటోనే చూపించేవాడు. ఫొటో వంకరగా ఉందంటున్నారు అని నానమ్మ దాన్ని సర్దేది. మళ్ళీ చూపిస్తే, బూజు పట్టిందంటున్నారు అని తుడిచేది. ఇంకా చూపిస్తే, ఆ అద్దం మీద ఎండ పడి కళ్ళల్లోకి కొడుతోందంట అని ఫొటో తీసి పక్కగదిలో పెట్టేసింది. అప్పుడు తాతయ్య ఇంకో దారి పట్టాడు. కొల్లేరున్న వైపు చెయ్యి చాపి, ఆ చేతిని కిందికి ముంచి పైకి లేపేవాడు. కూతురి గురించేనని ఇంట్లో పిల్లికి కూడా తెలుసు. స్నానం చేయించమంటున్నారు అని నానమ్మ నీళ్ళు కాచేది. పొద్దున ఒకసారి ముంచి చూపిస్తే స్నానం, మధ్యాహ్నం చూపిస్తే స్నానం, చలికాలం సాయంత్రం చూపిస్తే కూడా స్నానం. ఏలూరు మొత్తానికి మా తాతయ్యంత శుభ్రమైన రోగి ఉండి ఉండడు. ఒళ్ళు తుడుస్తుంటే వణుకుతూ నానమ్మ మొహంలోకి చూసేవాడు. ఆవిడ ఆయన వీపు చూసేది. మా నాన్న ఒకసారి, "అమ్మా, అది స్నానం కాదేమోనే" అని నసిగాడు. "ఆయనతో కాపురం చేసింది నువ్వా నేనా?" అంది. డాక్టరు మాత్రం ఎక్కువ రోజులు లేవని చెప్పేశాడు. కూతుర్ని చూడకుండానే పోతాడని మాకందరికీ భయంగా ఉండేది. నానమ్మ మాట కాదని లంకకి వెళ్ళే ధైర్యం ఒక్కరికీ లేదు, వెళ్ళినా అత్త రాదు.

ఇలా ఉండగా ఒక ఆదివారం ఆరాధనయ్యాక మా చర్చి పాస్టరు అయ్యగారు, సంఘపెద్దలిద్దరూ ప్రభువు బల్ల ఇవ్వడానికి ఇంటికొచ్చారు. మంచాన పడ్డవాళ్ళకి రొట్టె, ద్రాక్షరసం ఇంటికే తెచ్చివ్వడం మా వాళ్ళ ఆచారం. నానమ్మ తాతయ్యకి తెల్ల చొక్కా తొడిగింది. స్నానం సంగతి చెప్పాల్సిన పని లేదు, అప్పటికే రెండు స్నానాలయ్యాయి. స్టూలు మీద తెల్లగుడ్డ పరిచి, పళ్ళెం, చిన్న గిన్నె పెట్టారు. అయ్యగారు ప్రార్థన చేసి రొట్టె ముక్క తాతయ్య పెదాల దగ్గర పెట్టారు. తాతయ్య నోరు తెరవలేదు. పళ్ళు బిగించి, తల పక్కకి తిప్పేశాడు. మంచాన పడేదాకా ఒక్కసారి కూడా బల్ల తప్పని మనిషి. ఎడమచెయ్యి లేపి ముందు ఫొటో తీసేసిన ఖాళీ మేకు చూపించాడు. తర్వాత కొల్లేటి వైపు చాపి, ముంచి, లేపాడు. మళ్ళీ ముంచి, లేపాడు. కళ్ళల్లోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి.

"ఏవంటున్నారమ్మా దేవదానంగారు?" అని అయ్యగారు అడిగారు.

నానమ్మ అలవాటు చొప్పున నోరు తెరిచింది. పళ్ళెంలో ఉన్న రొట్టె వంక చూసి ఆగిపోయింది. ఆవిడకి బల్ల ఎదుట అబద్ధమాడటమంటే ప్రాణం పోయినంత భయం. కొంగు రెండు చేతుల్లో నలిపేసింది.

"కూతుర్ని పిలవమంటున్నారండి," అంది. "పడిపోయిన రోజునించీ అదే అంటున్నారు. నాకు తెలుసండి. తెలిసే వీళ్ళందరికీ ఇంకోటి చెప్పాను."

సంఘపెద్దల్లో ఒకాయన గొంతు సవరించుకుని, ఆ అమ్మాయి ముంచే మిషనులోకి వెళ్ళింది కదండీ అని గుర్తుచెయ్యబోయాడు. దేవదానంగారు ముందు నోరు తెరవాలి కదండీ అని అయ్యగారు రొట్టె పళ్ళెంలో పెట్టేసి, మళ్ళీ వస్తానని గుడ్డ మడిచారు. వాళ్ళు మెట్లు దిగకముందే నానమ్మ మా నాన్నని పిలిచి, "లంకకి వెళ్ళు. అమ్మ పిలుస్తోందని చెప్పు. నాన్న అనకు. అమ్మ అని చెప్పు" అంది.

స్నేహకి ఇదంతా చెబుతుంటే, అంత కోపమేంటత్తా నాలుగు చుక్కల నీళ్ళకి అని నవ్వింది. నవ్వదూ మరి. ఇప్పుడు దాని టీవీలో ప్రతి మాటకీ కింద అక్షరాలొస్తాయి, ఏ భాషైనా సరే. దాని స్నేహితులకి కోపమొచ్చినా, ప్రేమొచ్చినా, కడుపునొప్పి వచ్చినా ఫోనులో రాసి పెడతారు, మధ్యలో చెప్పేవాడి అవసరమే లేదు. మంచిదే. మా ఇంట్లో ఆ సదుపాయముంటే తాతయ్యకి అన్ని స్నానాలు తప్పేవి. కానీ ఆ అక్షరాలు చదివి అది ఆ సినిమా కథ నాకు మొత్తం చెప్పింది, ఎవడో దొర ఎవరో దొరసానిని ప్రేమించాడంట, అంతే. గంటన్నర సినిమాలో ఒక్క కవల తమ్ముడు లేడు, ఒక్క మంత్రసాని లేదు. డబ్బులిచ్చి చూసేవాళ్ళని ఇంతకంటే మోసం చెయ్యడం ఉంటుందా?

నాన్న లంకకి వెళ్ళిన మర్నాడు మధ్యాహ్నానికి కరుణత్త వచ్చింది. పడవ, బస్సు, రిక్షా అన్నీ ఎక్కి, చీర అంచు బురదతో. వెనక శామ్యూలుగారు, చెప్పులు బయట విడిచి, గుమ్మానికి ఇవతలా అవతలా కాకుండా నిలబడ్డారు. ఇంటికొచ్చినవాళ్ళకి కాళ్ళకి నీళ్ళివ్వడం మా ఇంటి పద్ధతి. ఆ రోజు ఎవరమూ చెంబు ముట్టుకోలేదు. నానమ్మ ఏమంటుందో తెలియక బిత్తరపోయి నిలబడ్డాం. అత్త వచ్చి తల్లి ఎదురుగా ఆగింది. నానమ్మ పక్కకి జరిగి దారిచ్చింది. అత్త వెళ్ళి మంచం పక్కన నేల మీద కూర్చుని, "నాన్నా" అంది.

తాతయ్య ఎడమచెయ్యి చాపి అత్త జడ పట్టుకున్నాడు. మాడు నుంచి కొసదాకా నెమ్మదిగా తడిమాడు. కొస దగ్గర గుప్పెట బిగించి, తడిగుడ్డ పిండినట్టు పిండాడు. మేమందరం అలవాటుగా నానమ్మ వైపు తిరిగాం. ఏమంటున్నారమ్మా అని మా నాన్న అడిగాడు. "నన్నడక్కు. దాన్నడుగు" అంది నానమ్మ.

కరుణత్తకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఆ బిగించిన గుప్పెటని రెండు చేతులతో పట్టుకుని, "ఆరిపోయింది నాన్నా. ఆ కొల్లేటి తడి ఎప్పుడో ఆరిపోయింది" అంది.

తాతయ్య గొంతులోంచి ఏదో గరగరమంది. అది నవ్వని ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలిసింది. నానమ్మ కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుని నా మీద విరుచుకుపడింది.

"అలా గుడ్లప్పగించి చూస్తావేంటే? మీ మావయ్యగారు ఇందాకట్నించీ గుమ్మంలో నిలబడ్డారు. కాళ్ళకి నీళ్ళియ్యి."